బుజ్జి వదిలిన పూరీ

దేవరాపల్లి పక్క పల్లెలో చెరకు పండించే సింహాద్రికి నలభై రెండేళ్లు. హోటల్లో తినడం అతనికి గిట్టదని ఊళ్లో అందరికీ తెలుసు. నలుగురితో కలిసి పట్నం వెళ్లినా బయటే నిలబడి టీ తాగుతాడు. ఎందుకో భార్య లోవమ్మకు కూడా చెప్పలేదు.

చిన్నప్పుడు అలా కాదు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దించిన రోజున తండ్రి ఎర్రయ్య ఇంటిల్లిపాదినీ స్టేషన్ రోడ్డులోని టిఫిన్ హోటలుకు తీసుకెళ్లేవాడు. చెల్లెలు బుజ్జికి పూరీ తినడంకన్నా దాన్ని వేలితో పొడవడమే ఇష్టం. ఆవిరి బుస్సున పోతే "అమ్మా, సచ్చిపోనాది!" అని పకపకా నవ్వేది.

అతనికి పదకొండో ఏడు, బుజ్జికి నాలుగో ఏడు. ఒక రోజు హోటల్లో బల్ల దగ్గర రాజమండ్రి పిన్ని, చిన్నాన్న కూడా కూర్చున్నారు. వాళ్లకు పిల్లల్లేరు. బుజ్జి ఒంటి మీద కొత్త గౌను. ఎర్రయ్య ఎవరూ అడక్కుండానే జిలేబీ తెప్పించాడు. తల్లి అప్పలనర్సమ్మ ఇడ్లీని చిదుపుతోందే గాని నోట్లో పెట్టుకోవడం లేదు.

చిన్నాన్న గడియారం చూసుకున్నాడు. "రైలు చూద్దాం రా," అంటూ పిన్ని బుజ్జిని ఎత్తుకుంది.

"మరి అన్నియ్య?"

"ఎనకాల వత్తాడమ్మా. నువ్వెల్లు," అన్నాడు ఎర్రయ్య, మొహం పక్కకు తిప్పుకుని.

బుజ్జి పళ్లెంలో మిగిలిన పూరీని సింహాద్రి తన ముందుకు లాక్కున్నాడు. తింటూ తలెత్తితే, తల్లి చీరచెంగు నోట్లో కుక్కుకుని ఉంది. అప్పుడు తెలిసింది, చెల్లెలు ఇక రాదని. నోట్లోది మింగుడు పడలేదు. ఉమ్మెయ్యడానికీ భయమేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ హోటలు గడప తొక్కలేదు.

నిరుడు చైత్రంలో అప్పలనర్సమ్మ పోయింది. ఎర్రయ్య అంతకుముందే పోయాడు. పదకొండో రోజుకి బుజ్జి వచ్చింది. పెంచుకున్న పిన్నీవాళ్లు పెట్టిన పేరుతో ఇప్పుడామె దివ్య, లెక్కల టీచరు. సాయంత్రం రైలుకి దింపడానికి తీసుకొస్తూ సింహాద్రి బండిని ఆ హోటలు ముందు ఆపాడు. రెండు పూరీ చెప్పాడు.

"ఈ హోటలు గురుతున్నాదా?"

దివ్య చుట్టూ చూసింది. "లేదన్నయ్యా. నేనెప్పుడైనా వచ్చానా ఇక్కడికి?"

"నిన్ను ఇక్కడ్నించే పంపీసేరు. నువ్వొగ్గీసిన పూరీ నాను తినీసేను. నీ ఎనకాల రానేదు. తింటా కూకున్నాను."

"నువ్వూ చిన్నవాడివేగా," అంది దివ్య. దయగానే అంది, తన క్లాసులో పిల్లాడికి చెప్పినట్టు. "రైల్లో నేను అస్సలు ఏడవలేదట. కిటికీ దగ్గరే నిద్రపోయానట. మా అమ్మ చెబుతుంటుంది."

మా అమ్మ. పది రోజుల క్రితం కాటికి మోసిన మనిషిని కాదు ఆమె అంటున్నది. అందులో ఆమె తప్పేమీ లేదని సింహాద్రికి తెలుసు.

తనను తిడుతుందని, ఏడుస్తుందని ఇన్నేళ్లూ ఎదురుచూశాడు. తిట్టడానికి ఆమె దగ్గర ఆ రోజే లేదు. అమ్మానాన్నా పోయాక ఆ రోజును మోసేవాడు తనొక్కడే మిగిలాడు.

ప్లాట్‌ఫారం మీద అడిగాడు, "సంవత్సరీకానికి వత్తావా?"

"సెలవు దొరికితే చూస్తానన్నయ్యా."

ఈ ఏడు సంవత్సరీకానికి ఆమె రాలేదు. పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని ఫోన్ చేసింది.

"సరేలేమ్మా," అన్నాడు సింహాద్రి. పెరట్లోకి వెళ్లి, ఒక మనిషికి తగ్గించి వండమని వంటవాళ్లకు చెప్పాడు.