వియ్యపురాలి కాళ్ళు

మా మెనొనైట్ సంఘంలో ఏడాదికోసారి, గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం, ఒకరి కాళ్ళు ఒకరం కడుగుతాం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళం ఒకవైపు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి మనమూ తగ్గి ఉండాలని దాని భావం. అయితే ఆడవాళ్ళమంతా ఇంటి దగ్గరే సబ్బు పెట్టి, మడమలు రాయితో తోముకుని మరీ వస్తాం. చర్చికి చేరేసరికి కడగడానికి ఏమీ మిగలదు. విజయవాడలో కాపురం పెట్టిన ఏడాది నుంచీ ఆ బేసిన్లు, తువ్వాళ్ళు, గోరువెచ్చని నీళ్ళు చూసుకునేది నేనే కాబట్టి ఈ మాట తెలిసే చెబుతున్నాను.

కడిగేవాళ్ళు ఎదుటి మనిషి పాదాలు చేతిలోకి తీసుకుని, "నా వల్ల మీ మనసేమైనా నొచ్చుకుందా?" అని అడగాలి. వాళ్ళు ఏం చెప్పినా ఎదురు మాట్లాడకూడదు. ఈ నియమంతో ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అందరూ "అబ్బే, ఏం లేదమ్మా" అనే అంటారు. తోటికోడలితో మూడేళ్ళుగా మాటల్లేని ఒకావిడ కూడా అలాగే అని, కాళ్ళు తుడుచుకుని, మళ్ళీ మాటల్లేకుండానే ఇంటికి వెళ్ళింది.

కిందటేడు ఆ గురువారం నాటికి మా అమ్మాయికి ఏడో నెల. అమ్మాయిని కంకిపాడు ఇచ్చాం. వాళ్ళూ క్రైస్తవులే గాని వేరే సంఘం. పెళ్ళిలో మా వియ్యపురాలు, తమ ఇంటి పద్ధతి ప్రకారం మేము పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలన్నారు. మాలో కడిగితే ఇద్దరూ కడగాలి, ఒకవైపు కడగడం లేదన్నాను. పెళ్ళికొడుకు కూడా మా ఆయన కాళ్ళు కడుగుతానంటే మాకేం అభ్యంతరం లేదని కూడా అన్నాను. అప్పటినుంచీ ఆవిడ నాతో ఏం చెప్పాలన్నా అమ్మాయి చేత చెప్పిస్తున్నారు. చివరికి, తొలి కాన్పుకి కోడల్ని పుట్టింటికి పంపనని కబురు చేశారు. అమ్మాయికి నా దగ్గరకు రావాలని ఉంది. నాకు అంతకన్నా ఎక్కువ ఉంది. వెళ్ళి అడుగుదామంటే నాకు మోకాళ్ళు వంగవు, మెడ అసలే వంగదు.

అప్పుడే అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, గురువారం ఆరాధనకి నాతో అత్తయ్య కూడా వస్తారట. మనవాళ్ళది ఎలా ఉంటుందో చూస్తారట. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు."

"నేనేం చేస్తానే?"

"అదే చెప్తున్నా, చెయ్యకు."

మాలో తువ్వాలు ఎవరి చేతికి అందితే వాళ్ళే ముందు కడగాలి. తువ్వాళ్ళు పంచేది నేను. ఆవిడ చేతికి తువ్వాలిస్తే కడగాలి, కడిగితే అడగాలి, అడిగితే నేను కాన్పు సంగతి చెప్తాను, చెప్పాక ఆవిడ నోరెత్తకూడదు. లెక్క సరిపోయింది. నేను తువ్వాళ్ళు మడతపెట్టే తీరు చూసి మా ఆయన, "వెళ్ళేది ప్రార్థనకా, చదరంగానికా?" అన్నారు. మగవాళ్ళ వైపు బేసిన్లు సరిపోయాయో లేదో చూసుకోమన్నాను.

వియ్యపురాలిని నా ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి తువ్వాలిచ్చాను. ఆవిడ దాంతో మొహం, మెడ తుడుచుకుని, భుజాన వేసుకుని, చెప్పులు విడిచి రెండు కాళ్ళూ చాచారు.

"కానివ్వండి వదినగారూ. పెళ్ళిలో బాకీ పడ్డారుగా. వడ్డీ అడగన్లెండి."

అమ్మాయి వంగి, "అత్తయ్యా, తువ్వాలు మీ దగ్గరుంది. ముందు మీరే కడగాలి" అంది.

"నేనా? మగపిల్లాడి తల్లిని!"

వాక్యం చదువుతున్న పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నారు. అందరూ చూస్తున్నారు. నేనే కింద కూర్చున్నాను.

ఆవిడ ఇంటి దగ్గర కడుక్కుని రాలేదు. కంకిపాడు బస్సు దుమ్మంతా ఆ కాళ్ళ మీదే ఉంది. మా బేసిన్‌లో నీళ్ళు రంగు మారడం నేను మొదటిసారి చూశాను. అడగాల్సిన మాట అడిగాను.

"నిజంగానే అడుగుతున్నారా?" అన్నారావిడ.

"నిజంగానేనండీ." ఇంకేమంటాను?

"అయితే వినండి."

పాపం, "అబ్బే ఏం లేదు" అనాలని ఆవిడకెవరూ చెప్పలేదు. మొదలుపెట్టారు. పెళ్ళిలో వాళ్ళ అన్నయ్యకి బిర్యానీలో ముక్క పడలేదు. వాళ్ళవాళ్ళని తిరగని ఫ్యాను కింద కూర్చోబెట్టాం. బస్సు గంట ఆలస్యంగా పంపాం. గంట కాదు, నలభై నిమిషాలు. రెండు వందల మందిమి వస్తామని చెప్పి డెబ్బైమందిని అదనంగా తెచ్చింది వాళ్ళు. ఫ్యాను తిరగంది కరెంటు పోయినందుకు. అన్నీ నా నాలుక చివరే ఉన్నాయి, ఒక్కటీ అనడానికి లేదు. తడి కాలు చేతిలో పట్టుకుని వింటున్నాను. నీళ్ళు చల్లారాయి. బేసిన్ కోసం ఆగినవాళ్ళు మెడలు చాచి వింటున్నారు గాని, త్వరగా కానివ్వమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆఖర్న ఆవిడ గొంతు తగ్గించారు. "మా ఆయన పోయాక మా ఇంట్లో జరిగిన మొదటి శుభకార్యమండీ అది. ఆయన ఉంటే అడిగి చేయించుకునే ముచ్చట ఒక్కటైనా జరగాలనుకున్నాను."

ఆవిడ భుజాన ఉన్న తువ్వాలు తీసుకుని వేళ్ళ సందుల్లో కూడా తుడిచాను.

అమ్మాయి నన్ను లేపి కూర్చోబెట్టింది. వియ్యపురాలు కాసేపు అటూ ఇటూ చూసి, ఏమనుకున్నారో, కొంగు దోపి కింద కూర్చుని నా పాదాలు పట్టుకున్నారు. అమ్మాయి చెప్పినట్టే అడిగారు.

"ఒక్కటే వదినగారూ," అన్నాను. "తొలి కాన్పుకి పిల్లని పంపనన్నారు."

"అది కాదండీ, మా ఊళ్ళో ఆసుపత్రి..."

"ఎదురు మాట్లాడకూడదు అత్తయ్యా."

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ!"

ఆడవాళ్ళ వైపంతా నవ్వులు. పాస్టరుగారు దగ్గారు. ఆవిడ నోరు మూసుకుని, తోముకొచ్చిన నా కాళ్ళని మాడిన గిన్నె తోమినట్టు మళ్ళీ తోమారు. అంతా అయ్యాక తువ్వాలు పిండుతూ అన్నారు: "పంపిస్తాను. కానీ నేనూ వస్తాను. మీ చేతి వంట మీద నాకు నమ్మకం లేదు."

ఈస్టరు మర్నాడు ఆటో దిగారు. అమ్మాయికి ఒక సంచి, ఆవిడకి రెండు, పైన ఒక బస్తా మామిడికాయలు. ఆవిడ నేరుగా వంటింట్లోకి వచ్చి, "ఉప్పు ఇంత దూరంలో పెడతారేంటండీ" అని డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టారు. మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చగానే నేను దాన్ని తిరిగి అలమరలో పెట్టాను. సాయంత్రానికి మళ్ళీ పొయ్యి పక్కకి చేరింది. అమ్మాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని, పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని, మామిడికాయ ముక్కల్లోకి కాస్త ఉప్పు కావాలంది. ఇద్దరం ఒకేసారి లేచాం.