నా పాదం, వాడి రెండు వేళ్లు

హెలికాప్టర్ మమ్మల్ని మంచు పోస్టు మీద దించి వెళ్లేసరికి ఉదయం పది. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. మోకాలి లోతు మంచు. వీపున సామాను, భుజాన రైఫిల్, చేతిలో మంచుగొడ్డలి. హవల్దార్ ఇచ్చిన మొదటి ఆర్డరు: బయట అడుగుపెడితే నడుముకి తాడు ఉండాలి.

నా పక్క పడక రేడియో ఆపరేటర్‌ది. కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్లలో స్థిరపడిన ఇంటివాడు. నాది అక్కడికి దగ్గర్లోనే లక్డారం. పోస్టులో మేమిద్దరమే తెలుగువాళ్లం. కిరోసిన్ డబ్బాలు మోసేది నేను, శభాష్‌లు వాడికి.

"పోస్టు నుంచి బేస్‌కి. కిరోసిన్ చేరింది. ఓవర్."

"శభాష్," అనేది రేడియో.

"మోసింది నేను గదరా!"

"చెప్పింది నేను కదా బావా," అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం గస్తీలో మంచు జారింది. ఒకే తాడుకున్న నేనూ వాడూ నడుము దాకా కూరుకుపోయాం. తవ్వి తీశారు. వాడి ఎడమ బూటు ఊడిపోయింది. కిందికి చేర్చేలోగా బొటనవేలు, దాని పక్కవేలు నల్లబడ్డాయి. రెండూ తీసేశారు. నాకు గీరుకుపోయిన గుర్తు కూడా లేదు. కానీ ఆస్పత్రి మంచం దిగబోతే కుడి పాదం లేవలేదు. అడుగు వేస్తే నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

స్కానింగులూ నరాల పరీక్షలూ అన్నీ బాగున్నాయన్నారు. డాక్టర్ ఓపిగ్గా వివరించాడు. నరం తెగలేదు, కండ చావలేదు, మెదడు పంపే కబురు కాలికి సరిగా అందడం లేదు. దీన్ని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు, ఇది నటన కాదు, శిక్షణతో బాగుపడొచ్చు అన్నాడు. సెలవు మీద ఇంటికి పంపారు. తర్వాత మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. పాదం లేస్తే యూనిఫాం ఉంటుంది, లేవకపోతే లేదు.

లక్డారంలో మా పెద్దనాయిన నా కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దెబ్బ యాడున్నది బిడ్డా?"

"లోపల్నే పెద్దనాయినా."

"గదేంది? కొలువు ఎగ్గొట్టనీకి కాదు గద?"

అరుగు మీద అందరూ నవ్వారు. అదే వారం క్వార్టర్లలో వాడికి పూలదండ వేసి శాలువా కప్పారు. కుళ్లుకున్నాను. ఉన్నమాట చెబుతున్నా, వాడికి పోయిన రెండు వేళ్ల మీద నాకు కన్నుకుట్టింది. అవి నాకు పోయి ఉంటే ఎవడూ నవ్వేవాడు కాదు.

శిక్షణ పటాన్‌చెరులో, టైర్ల దుకాణం పైన ఉన్న ఫిజియోథెరపీ హాల్లో. కింద లారీలు హారన్లు కొడుతూనే ఉండేవి. నా మోకాలి కింద ముందువైపు ఒక ప్యాడ్, పిక్క మీద ఒక ప్యాడ్ అంటించేవారు. ఎదురుగా స్క్రీన్ మీద రెండు గీతలు. పాదాన్ని లేపే కండది పచ్చగీత, అది పైకి పోవాలి. పిక్కది ఎర్రగీత, అది పడుకోవాలి. కండ లోపల జరిగేది కంటికి చూపించి దారికి తెచ్చుకోవడమే బయోఫీడ్‌బ్యాక్.

"తయారా అన్నా?" అంది ఫిజియో మేడం.

ఆ మాట వినగానే పరేడ్‌లో ఆర్డరు విన్నట్టు సావధాన్‌లోకి వెళ్లిపోయాను. పళ్లు, మోకాలు, పిడికిళ్లు అన్నీ బిగుసుకున్నాయి. ఎర్రగీత ఎగిరింది, పచ్చది చతికిలబడింది.

"గట్ల బిగవట్టకు. పాదం లేపమన్న గని పరేడ్ చెయ్యమనలే."

"బలం పెట్టకుంట ఎట్ల లేస్తది మేడం?"

"బలం పెడుతున్నవనే లేస్తలేదు."

రోజూ ఇదే గొడవ. పక్కనే రేడియో ఆపరేటర్. బొటనవేలు లేని కాలికి నిలకడ రావాలని వాణ్ని బరువు కొలిచే పలక మీద నిలబెట్టేవారు. ఒంటి బరువు సరిగా పడితే స్క్రీన్ మీది చుక్క నడిమధ్యలో ఆగుతుంది. ఆగితే చాలు, హాలంతా చప్పట్లు. చాయ్ తెచ్చే అక్క కూడా కొట్టేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగువాడి గాయం కూడా రుచిగానే కనిపించింది.

ఒకరోజు వాడి చుక్క ఎంతసేపటికీ కదల్లేదు. మేడం అటు పరుగెత్తింది. అంత ఘనకార్యం ఏముందో చూద్దామని నేను మెడ సాచి, ఒళ్లంతా అటు వంచాను. నా మిషను కుయ్యిమంది.

"అన్నా, నీ గీత లేసింది!"

తిరిగి చూశాను. పచ్చగీత పైకి లేచి ఉంది. పాదం గాల్లో ఉంది. నేను చూడగానే రెండూ పడిపోయాయి.

మేడం నవ్వింది. "నీ కాలుకు పని తెలుసు. నువ్వు కావలి కూసుంటెనే పరేషాన్ అయితున్నది. ఇగ నువ్వు ఆయన స్క్రీనే సూడు."

అలా నా కుళ్లే నాకు మందయింది. సంగతి తెలిశాక వాడు కావాలనే రెచ్చగొట్టేవాడు. "చూడు బావా, నా చుక్క ఎలా నిలబడిందో! పొద్దున మేజర్ సాబ్ నాకే ఫోన్ చేశారు!" నా కడుపు మండేది, పాదం లేచేది. పోనుపోను చూపును కొంచెం కొంచెంగా నా గీత వైపు తిప్పుకున్నాను. చివరికి దాన్నే చూస్తూ, పళ్లు బిగించకుండా లేపగలిగాను.

బోర్డు ముందు నడిచి చూపించాను. యూనిఫాం నిలిచింది. కొన్నేళ్లు ఆర్మీ డిపోలో పనిచేసి పెన్షన్ మీద వచ్చేశాను. వాడూ నడిచాడు గానీ, బోర్డు ఒప్పుకోలేదు. వాణ్ని ఇంటికి పంపారు.

బోర్డు నుంచి వచ్చి, లక్డారంలో బస్సు దిగి మామూలుగా నడుస్తుంటే పెద్దనాయిన ఎదురొచ్చాడు. "నేను జెప్పలేదా, ఏం లేదని!" అన్నాడు నలుగురూ వినేలా.

అది మరిచిపోగలిగాను. హాల్లో మా ఆఖరి రోజు మాత్రం నన్ను వదలదు. నేను పాదం లేపి అలాగే ఉంచాను. అందరూ చప్పట్లు కొట్టారు, వాడు కొట్టలేదు. వాడి చూపు నా స్క్రీన్ మీద లేదు, నా పాదం మీద ఉంది.

"ఐదు వేళ్లూ కదులుతున్నాయిరా," అన్నాడు మెల్లగా.

కుర్చీ కింద వాడి ఎడమ పాదం కూడా నాతోపాటు లేచింది. సాక్సు చివర బొటనవేలి వైపు ఖాళీగా కిందికి వేలాడుతోంది.