కోల్డ్ స్టోరేజీలో గిటారు

ఆ గిటారు కొన్నాక నాకు సరిగ్గా నిద్ర పడితే ఒట్టు. సారపాకలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. పేపరు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది కాబట్టి అమ్మేశాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఎండాకాలం వెళ్లేలోగా ఒకసారి తెచ్చి తనకు వాయించి వినిపించాలి.

చేతులు మారిన గిటారే గానీ ఒంటి మీద గీత లేదు. తాతల కాలపు నమూనాను చూసి ఈమధ్య కొత్తగా చేసిందట. చిన్న ఒళ్లు, అంచుల్లో ముదురు బెల్లం రంగు, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు. పైచెక్కను కూడా ఆనాటి పద్ధతిలోనే బాగా పల్చగా పెట్టారు.

"పల్చగ ఉంటెనే మోగుతది బిడ్డా. ఎండ మాత్రం తగలనియ్యకు, నెర్రె బాస్తది," అన్నాడు పెద్దాయన.

ఖమ్మంలో ఎండ తగలకుండా బతకడం ఎవరి తరం? మాది రేకుల ఇల్లు. గిటారును మంచం కింద పెట్టాను, బీరువా వెనక పెట్టాను. ఎక్కడ ఏది చిటుక్కుమన్నా ప్రాణం పోయినంత పనయ్యేది. మావాళ్లది వేంసూరులో మిర్చి వ్యవసాయం. ఎండకు పాడవుతుందనుకున్న సరుకు దేనికైనా మాకు తెలిసిన మందు ఒక్కటే, కోల్డ్ స్టోరేజీ. మంచి రేటు వచ్చేదాకా బస్తాలు అక్కడే ఎర్రగా, నిక్షేపంగా ఉంటాయి. మిర్చికి చేసిన మేలు చెక్కకు చేయదా అనుకున్నాను. గుమస్తాను బతిమాలి, దుప్పటి చుట్టి, మా బస్తాల మీద పెట్టించాను. ఆ వారం హాయిగా నిద్రపోయాను. అదీ నా తెలివి.

వారం తర్వాత బయటి ఎండలోకి తెచ్చి దుప్పటి విప్పగానే గిటారుకు ఒళ్లంతా నీళ్లు పట్టాయి. కొంగుతో తుడుస్తుండగానే టప్పుమంది. పైచెక్క మీద జానెడు పగులు.

తీగలు సడలించి, గిటారును దాని పెట్టెలో పెట్టి, బస్సెక్కి, సారపాక దాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిపొడవునా ఏ అబద్ధం చెప్పాలా అని వెతుక్కున్నాను. పెద్దాయన పెట్టె తెరిచి, మిర్చి ఘాటుకు రెండుసార్లు తుమ్మాడు. తర్వాత కుడిచేతి బొటనవేలితో పగులును ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమాడు. నాకు ఏడుపొచ్చింది. వెతుక్కున్న అబద్ధాలన్నీ వదిలేసి జరిగింది చెప్పేశాను.

ఆయన పగులు మీంచి వేలు తీయలేదు.

"నేను గూడ గిట్లనే భయపడ్డ," అన్నాడు. "గీత పడుతదని పెట్టెల్నే దాచిన. రిటైరైనంక తీరుబడిగ వాయిద్దామనుకున్న. ఆర్నెల్లకే చెయ్యి పడిపాయె."

వాయించమన్నాడు. తీగలు బిగిస్తే పగులు ఇంకా సాగుతుందేమోనని భయమేసింది. అయినా బిగించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆ పగులు వంకే చూస్తూ వాయించాను.