బైబిలు మీద బ్యాటరీ

మా బావగారు పోయారు. గురువారం పొద్దున వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారు. నా భర్తకు అన్నగారు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక మా ఇంట్లోనే ఉండేవారు. ఆయన మంచితనం గురించి సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పారు. ఆయన ఎంత విసిగించారో చెప్పడానికి మాత్రం నేనే మిగిలాను.

ఆయనకు సైకిలంటే ప్రాణం. తెల్లారగానే నలుగురు స్నేహితులతో కాలవ గట్టు మీద మండపేట దాకా తొక్కి వచ్చి, మా వరండాలో కాఫీకి కూర్చునేవారు. రెండేళ్ళ కిందట వాళ్ళలో ఒకాయన తన సైకిలుకు బ్యాటరీ గేర్లు పెట్టించారు. గేరు మార్చడానికి మీట నెట్టక్కర్లేదు, బటను నొక్కితే చాలు. ఆ రోజు నుంచి మా వరండాకు శాంతి లేదు.

"గేరు మార్చడానికి కరెంటేంటండీ? రేపు బెల్లు కొట్టడానికీ ఛార్జింగంటారు!" అనేవారు బావగారు.

"ఒక్కసారి నొక్కి చూడండి మాస్టారూ, వెన్నలా మారిపోద్ది."

"నా గేరు తీగ తెగితే నేను కట్టుకుంటాను. మీ బటను చెడితే ఎవరు కడతారు?"

మా చుట్టుపక్కల ఎత్తంటే కాలవ వంతెన ఒక్కటే. మిగిలినదంతా వరిచేలే. ఆ ఒక్క వంతెన కోసం ఐదుగురు పెద్దమనుషులు రోజూ అదే వాదన. నేను గ్లాసులు తీస్తూ, ప్రభువా ఓపికనివ్వు అనుకునేదాన్ని.

తర్వాత కీళ్ళవాతంతో ఆయన కుడి బొటనవేలు బిగుసుకుపోయింది. కుడివైపు గేరు మీట నెట్టలేక, ఎడమచెయ్యి అటు చాచబోయి వంతెన మీద పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయినా ఆయన దిగులు దాని గురించి కాదు. వంతెన అవతలి ఊళ్ళోని చిన్న చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఏళ్ళ తరబడి సైకిలు మీదే వెళ్ళారు.

"ఆటోలో వెళ్ళండి బావగారూ" అన్నాను.

"నా కాళ్ళతో నేను వెళ్ళలేనినాడు ఇంకొకరు చదువుతార్లేమ్మా."

కోపమూ వచ్చింది, భయమూ వేసింది. ఆయన కూతురు ఆ బ్యాటరీ గేర్లే కొని పంపితే, పెట్టె మూడు నెలలు మంచం కిందే ఉంది. "రోజూ బైబిలు చదివే మనిషికి ఇంత మొండితనమేంటండీ!" అని ఒకరోజు గట్టిగానే అనేశాను. నా గొంతుకు అది గట్టే. ఆయన నవ్వి, మర్నాడు రాజమండ్రి వెళ్ళి బిగించుకొచ్చారు.

"వంతెన మీద బాగానే ఉందిలే. వాళ్ళతో అనకు" అన్నారు.

శనివారం బ్యాటరీ విప్పి ఛార్జింగు పెట్టి, మర్చిపోకుండా బైబిలు పక్కనే ఉంచుకున్నారు. ఆదివారం బైబిలు తీసుకుని బ్యాటరీ వదిలేసి వెళ్ళారు! బ్యాటరీ లేక గేరు మారక, బరువైన గేరులోనే ఇరుక్కుని, ఎదురుగాలిలో వంతెనెక్కి, తడిసిన చొక్కాతో వాక్యం చదివి వచ్చారు.

"వెనక్కి రావచ్చు కదండీ?"

"వాళ్ళు చూస్తే నవ్వరూ? ఇకనుంచి పక్కన కాదమ్మా, బైబిలు మీదే పెట్టు. దీన్ని తియ్యకుండా దాన్ని తియ్యలేను."

అలా ఆ పని నాదైంది. ప్రతి శనివారం గొణుక్కుంటూనే చేశాను.

నిన్న శనివారం. సాయంత్రం ప్రార్థనయ్యాక చూసుకుంటే, ఛార్జింగు అయిన బ్యాటరీని బైబిలు మీద పెట్టేసి ఉన్నాను. పాస్టరుగారు ఇవాళ వాక్యం నన్ను చదవమన్నారు. పొద్దున బ్యాటరీ తీసి చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు నిలబడ్డాను.

ఆటో వంతెన ఎక్కుతున్నప్పుడు నా ఒళ్ళో ఆయన బైబిలు, దాని మీద ఆ బ్యాటరీ.