రెండు సమాధులకు ఒకే సున్నం

మొన్న సాయంత్రం ప్రొద్దుటూరులో పని ముగించుకుని రంగుల దుకాణానికి వెళ్ళి సున్నం కావాలని అడిగితే, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి నవ్వాడు. "ఈ కాలంలో సున్నం ఎవురు కొడతాండారు పాపా? డబ్బా రంగు తీసుకపో, శానా ఏండ్లు చూసుకునే పనే ల్యాదు" అన్నాడు. నలుగురిలో గొంతు పెగలని మనిషిని నేను. అయినా ఈసారి తల దించుకోకుండా, ఇంటికి కాదు, సమాధులకు అని చెప్పాను. ఆయన నవ్వు ఆపి, తానే లోపలికి వెళ్ళి సున్నం సంచి తెచ్చి, అడగకుండానే తెలుపు తేలడానికి ఒక నీలిమందు పొట్లం కూడా అందులో వేశాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకున్న ఆ సంచిలోంచి వచ్చిన ఘాటు వాసన, జమ్మలమడుగు చేరేలోపే నన్ను కొన్నేళ్ళ కిందటి ఒక ఈస్టరుకు తీసుకుపోయింది.

మా సంఘంలో ఈస్టరుకు ముందు శనివారం ప్రతి ఇంటివాళ్ళూ సమాధుల తోటకు వెళ్ళి, గడ్డి పీకి, తమ వాళ్ళ సమాధులకు సున్నం కొడతారు. ఆదివారం తెల్లవారుజామున ఆ తెల్లటి సమాధుల మీదే కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేస్తారు. నా చిన్నప్పుడు అది నాకు క్రిస్మస్ కంటే పెద్ద పండుగ. మా నాయన ఎర్రగుంట్ల దారిలో బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసేవాడు, బండలో మన మొగం కనపడితేనే పని అయినట్టు అనేవాడు. ఆ శనివారం మాత్రం బండల ఊసే ఎత్తకుండా, ఉడుకుతున్న సున్నాన్ని కట్టెతో కలుపుతూ, మా అవ్వ సమాధికి కొట్టాక మిగిలినదాన్ని పారబోయకుండా, ఎవరూ రాని పక్క సమాధులకు కూడా పూసి వచ్చేవాడు.

నా ఈడు వాళ్ళకు కరోనా సంవత్సరం గురించి నేను చెప్పనక్కరలేదు. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మా నాయన మూటగా తోటకు వచ్చాడు. అమ్మనూ నన్నూ గేటు బయటే ఆపారు. ఆ రోజే మరొకరిని కూడా తెచ్చారు. తెల్ల బట్టలు తొడుక్కున్న మనుషులు వేపచెట్టు వైపు నడవడం కనిపించింది, అంతే. తరువాత చూస్తే అక్కడ పక్కపక్కనే రెండు మట్టి దిబ్బలు ఉన్నాయి. గోడ వైపుది మా నాయనదని అమ్మ అంది. నేను ఎలా తెలుసని అడగలేదు. వానలకు కరగకుండా సంఘం వాళ్ళు రెండిటికీ ఇటుకల గట్టు కట్టించారు. చివరిచూపు దక్కని అమ్మకు ఆ దిబ్బ ఒక్కటే మిగిలింది. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే అక్కడికి వెళ్ళి కూర్చుని, కరెంటు బిల్లు సంగతీ నా చదువు సంగతీ మెల్లగా చెప్పుకునేది. అలా చెప్పుకున్న ధైర్యంతోనే వారమంతా నడిచేది.

మళ్ళీ అందరం తోటలో కలిసిన మొదటి ఈస్టరు అది. శనివారం మేము బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి, ఎవరో ఒకావిడ కొంగు నడుముకు చుట్టుకుని ఆ గోడ వైపు సమాధికి సున్నం కొడుతోంది.

"ఏం మ్మే, ఎవురిదనుకుని కొడతాండావు?" అంది అమ్మ.

"మా ఆయనకు కొట్టుకునేదానికి నిన్ను అడగల్నా? సింహాద్రిపురం నుంచి బస్సులు మారి వచ్చినా. ఈడనే పెట్టింది, నా కండ్లతో చూసినా!"

గుంతలు తవ్వే మామను పిలిపించారు. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏం చెప్పాలమ్మా, ఆ దినం నేను గుంతలు తవ్వినా, మూటలు చూసినా. మొగాలు చూడలేదు" అన్నాడు.

అమ్మ చేతిలోని కుంచె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లవారి ఆరాధనకు రానంది. "ఆయన యాడుండాడో కూడా నాకు తెల్దు. ఇంక నేను యాడికి పోయి ఏం పాడాల?" అంది. మా ఇంట్లో పాట ఎత్తేది ఎప్పుడూ అమ్మే. ఆ ఒక్క మాటతో ఇంట్లోంచి దేవుడే లేచి వెళ్ళిపోయినట్టు నాకు భయం వేసింది. ప్రార్థన చేద్దామా అని అడగాలనుకుని, దుప్పటి తెచ్చి కప్పాను.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడే. సున్నం ఘాటుకు రెండు చేతులూ ఎర్రగా పగిలి ఉన్నాయి. కాస్త కొబ్బరినూనె ఉంటే ఇమ్మని నన్నడిగి, లోపలికి వచ్చి అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"వొదినా, మీ బకెట్టు, కుంచె తెచ్చినా. రెండిటికీ కొట్టినా."

అమ్మ తిరగలేదు.

"నేనూ గేటు కాడి నుంచి చూసినదాన్నే. నాకూ తెల్దు. గట్టిగా అరిస్తే అన్నా నిజమైపోతాదేమో అని అరిసినా." కొంగుతో మొగం తుడుచుకుని మళ్ళీ అంది. "లేపే దేవునికి తెల్దా, ఎవురు యాడ పండుకున్యారో? లేపిన దినం వాళ్ళే చెప్తారులే. అంతవరకు రెండూ మనవే. మా ఆయన అసలే కోపిష్టి, సున్నం సరిగ్గా కొట్టలేదని నన్ను తిట్టుకుంటానే లేస్తాడు చూడు."

అమ్మ వీపు కదిలింది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. తరువాత ఏడ్చింది కూడా. లేచి కూర్చుని, నా చేతిలోని నూనె గిన్నె తీసుకుని, ఆవిడ చేతులను తన ఒడిలో పెట్టుకుని వేలువేలుకీ రాసింది.

తెల్లవారుజామున ఇద్దరూ రెండు సమాధుల మీదా కొవ్వొత్తులు పెట్టారు. సమాధి దగ్గరికి మొదట వచ్చింది ఆడవాళ్ళేననీ, వాళ్ళు వెతికిన ప్రభువు అక్కడ లేడనీ పాస్టరు ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పారు. ఆ రోజు మాత్రం అది నాకు మొదటిసారి వినిపించింది. వేపచెట్టు కింద నుంచి వణుకుతూ ఒక పాట లేచింది. అది అమ్మ గొంతు.

అప్పటి నుంచి ఏటా ఆవిడ చెనిక్కాయల పొడి డబ్బాతో శనివారమే మా ఇంటికి వచ్చేది. ఆవిడను అత్తా అని పిలవడం నాకు అలవాటైంది. ఇప్పుడు తోటంతా గ్రానైటు, ఫొటోలు, మినుకుమినుకుమనే కరెంటు దీపాలు. సున్నం ఉడికే వాసన పోయింది, శనివారం పూట ఒకరి బకెట్టు ఒకరు అడిగి తీసుకునే పనీ పోయింది. అన్ని బండలకు మెరుగు పెట్టిన మా నాయనకు మాత్రం బండ లేదు, దేని మీద ఆయన పేరు వేయించాలో మాకు తెలియదు కనుక.

అత్త ఇప్పుడు పులివెందులలో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళ నొప్పులతో నడవలేకపోతున్నానని, ఈ ఏడు రాలేనని నిన్న ఫోన్ చేసింది. "మా ఆయనకు బాగా కొట్టు పాపా. యాది మా ఆయనది అని మాత్రం అడగొద్దు" అంటూ నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అమ్మకు చేతులు వణుకుతాయి, వేపచెట్టు నీడలో కూర్చుని చూస్తుంది. ఈసారి రెండిటికీ నేనొక్కదాన్నే కొట్టాలి. మిగిలితే, ఎవరూ రాని సమాధులు ఆ పక్కన ఇంకా ఉన్నాయి.