మైకులో తెరిచిన దారి

నిర్వచనం చెప్పకుండా వాదన మొదలుపెట్టకూడదని కళాశాలలో నాకు మొదట నేర్పారు. ఖతర్‌కు ఉన్న ఒక్క రోడ్డు సరిహద్దును పొరుగుదేశం సౌదీ మూసివేసిన వేసవిలో ఆ నియమాన్ని శ్రద్ధగా పాటించాను. దోహాలోని నా అరబ్బు స్నేహితురాళ్లు ఆ పరిస్థితిని ‘హిసార్’ అనేవారు, అంటే ముట్టడి. మూసినవారు మాత్రం బహిష్కరణ అన్నారు. మా తెలుగు సంఘం యువతకు పెట్టిన వాదన పోటీలో అంశం కూడా అదే: ఇది ముట్టడేనా? ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చారు. నాకు ‘కాదు’ వచ్చింది.

నేను నమ్మినది ‘అవును’. అయినా నమ్మని పక్షాన్ని కూడా నిజాయితీగా వాదించవచ్చని అప్పట్లో అనుకునేదాన్ని. వారం రోజులు నిఘంటువులు తిరగేశాను. ముట్టడి, దిగ్బంధం, ఆంగ్లంలో సీజ్, బ్లాకేడ్. వాటి వెనక, ఇప్పుడెవరూ వాడని ‘లీగర్’ అనే పాతమాట దొరికింది. కోటను చుట్టుముట్టిన సైన్యం వేసుకున్న విడిదిని అలా పిలిచేవారట. ముట్టడినీ అలాగే పిలిచేవారట. నాకు ఆధారం చిక్కింది. చుట్టూ గుడారాలు లేవు కనుక ముట్టడీ లేదు.

ఆ సభకు నాన్న తన కంపెనీలోని ఒక ట్రైలర్ డ్రైవరును వెంటబెట్టుకొచ్చారు. నిర్మల్ వైపు మనిషి. శుక్రవారాలు దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. అతని అన్న సరిహద్దుకు అవతల, సౌదీలో ఒక ఖర్జూరపు తోటలో పనిచేసేవాడు. సరుకుతో సరిహద్దు దాటిన ప్రతిసారీ కాకా అవతల లారీలు ఆగే చోట ఆపేవాడు; అన్న అక్కడికి వచ్చేవాడు. ట్రైలర్ నీడలో కూర్చుని ఇద్దరూ టిఫిన్ డబ్బాలు మార్చుకునేవారు. అన్న వండింది తమ్ముడు, తమ్ముడు వండింది అన్న. ఏళ్ల తరబడి వాళ్ల కలయిక ఆ అరగంటే. ఇప్పుడు అన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. యజమాని అతణ్ని ఇక రానవసరం లేదని ఇంటికి పంపేస్తున్నాడు, టికెట్టు కూడా చేయించాడు. అంతలో రోడ్డు మూతపడింది. అన్న వెళ్లిపోయేలోపు ఒక్కసారి చూడగలనా అన్నదే కాకా బెంగ.

పోటీలో ప్రత్యర్థి అడిగాడు: “ఒకే ఇంటివాళ్లు అటొకరు ఇటొకరు చిక్కుకుపోలేదా?”

నేను తడుముకోలేదు. “కువైట్ మీదుగా విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. దారి పొడవైంది, మూతపడలేదు. అసౌకర్యాన్ని ముట్టడి అనలేం.”

చప్పట్లు మోగాయి. ఆ విమానం ఎవరు ఎక్కగలరో, దిగినచోట ఎవరిని లోపలికి రానిస్తారో నేను చూసుకోలేదు. ప్రత్యర్థి అడగలేదు కాబట్టి అది నాకు లోటుగా తోచలేదు. మొదటి బహుమతి నాకే వచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం కాకా వచ్చాడు.

“బిడ్డా, జర టికెట్ చూసి పెట్టు. కువైట్ మీదికెల్లి సౌదీల దమ్మాంకు.”

“ఎవరికి కాకా?”

“నాకే. మొన్న మైకుల నువ్వే చెప్పినవ్ గదా. నాకు ఎరుకనే లేకుండె. ఇంటికి పోతనే అన్నకు ఫోన్ జేసిన, ఆగు, నేనొస్తున్న అని. ఆయన పోవుడు ఆపి టికెట్ వెనక్కి జరిపిచ్చుకున్నడు.”

అతని కాగితాలు తీసుకుని చూశాను. సౌదీలోకి అతనికున్న అనుమతి లారీతో రోడ్డు దాటడానికే. విమానంలో దిగాలంటే వేరే వీసా కావాలి. ట్రావెల్స్‌కు ఫోన్ చేశాను. అక్కడి మనిషి నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. “వీసా మాఫీ మేడమ్, మాఫీ,” అన్నాడు. అరబ్బీలో ‘లేదు’ అని.

ఆ మాటే కాకాకు చెప్పాను.

“అంటే... పోటీ కోసం చెప్పినవా?”

అవునన్నాను. అతను అన్నకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

“ఏందిరా, టికెట్ అయ్యిందా?” అవతలి గొంతు హుషారుగా ఉంది. “డాక్టర్ సాబ్ ఒక్కతీర్గ తిడుతుండు, ఇంకా పోలేదా అని. మా తమ్ముడు విమానంల వస్తుండు, పెద్ద సేఠ్ అయిండు అని చెప్పిన.”

“అన్నా, నువ్వు పో. నాకు వీసా దొరకది.”

“మరి వస్తనంటివి? ఎవడు చెప్పిండురా నీకు?”

కాకా నా వైపు చూడలేదు. “ఎవలు చెప్పలే. నేనే తెల్వక అన్న.”

“నేను చెప్పాను పెద్దనాన్నా,” అన్నాను. “కనుక్కోకుండా చెప్పాను.”

పెద్దనాన్న ఈసారి నన్నే అడిగాడు.

“గా పోటీల మాట్లాడిన బిడ్డవా? గెలిచినవంట గదా.”

“గెలిచాను.”

“మంచిది. మా వానికి జర అన్నం పెట్టు తల్లీ. తినకుండ కూసుంటడు వాడు.”

అమ్మ వడ్డించింది. కాకా రెండు ముద్దలు తిని, డ్యూటీ ఉందని లేచాడు.

అన్న ఆ వారంలోనే ఊరికి వెళ్లిపోయాడు. కాకాకు సెలవు దొరికేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి ఆ ఇంట్లో చూడవలసిన మనిషి లేడు. తన కోసం అన్న ఆగిన ఆ కొద్ది రోజులవల్ల ఏమైనా తేడా వచ్చిందా అని కాకా నన్ను అడగలేదు. వైద్యం తెలిసినవారిని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.