పదేళ్లుగా కబురు లేనివాళ్లు

వంశవృక్షాల సంఘం వెబ్‌సైటు చూసుకునేది రిటైరైన పోస్టుమాస్టరు. జీతం లేని పనే అయినా, లైబ్రరీ మేడమీది ఆ గదిలో తనంత జాగ్రత్తపరుడు లేడని ఆయన ధీమా. సైటులో పోయినవాళ్ల వివరాలు అందరికీ కనిపించాలి, బతికున్నవాళ్లవి కనిపించకూడదు. ఒక్కొక్కరి గురించీ వాకబు చేసే ఓపిక ఎవరికుంది? పదేళ్లుగా ఏ కబురూ ఎక్కనివాళ్లందరినీ పోయినట్టే చూపించమని సాఫ్ట్‌వేరుకు చెప్పేసి చేతులు దులుపుకున్నాడు.

నెల తిరిగాక, ప్రతి బుధవారం వచ్చి పాత రిజిస్టర్లు చదువుకునే పెద్దావిడ మెట్లెక్కి, ఆయాసపడుతూ ఎదురుగా కూర్చుంది.

"నన్నెప్పుడు సాగనంపావు నాయనా? సైటు చూసి మా మనవరాలు ఒకటే ఏడుపు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. వారం వారం కళ్లెదుట కూర్చునే మనిషి గురించి కబురు ఎక్కించాలని ఎవరికి తోస్తుంది?

"తప్పయిపోయిందమ్మా," అంటూ ఆవిడ పేరు పక్కన 'పోయారు' అన్న టిక్కు తీసేశాడు.

"సరేలే. ఇంకా ఎంతమందిని చంపావో చూడు," అందావిడ నవ్వుతూ.

జాబితా తెరిచాడు. ఏడో పేరు సొంత అక్కది. ఎప్పుడో ఏదో మాట పట్టింపు వచ్చి పలకరింపులు మానేసిన అక్క. నెల రోజులుగా ఆ పేరు అక్కడే ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు, ఆయనా చూసుకోలేదు.

"మీ అక్కేగా? ఉందా, పోయిందా?" అందావిడ తెరలోకి తొంగి చూసి.

ఆయన వేలు మౌస్ మీదే ఆగిపోయింది. ఊళ్లో అందరి ముత్తాతలూ పోయిన తేదీలు గడగడా చెప్పే మనిషి తల దించుకుని, "తెలీదమ్మా," అన్నాడు.